హైదరాబాద్‌లో సినిమాకి వెళ్ళేముందు: ఏ హాలు, ఎంత ఖర్చు, ఎంత సుఖం

ఆదివారం పొద్దున టిఫిన్ల దగ్గర ఎవరో ఒకరు "సినిమాకి పోదామా" అంటారు. వెంటనే అందరి చేతుల్లోకీ ఫోన్లు వస్తాయి. ఒకరు ప్రసాద్స్ అంటారు, ఒకరు ఏఎంబీ అంటారు, ఇంకొకరు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో దేవి చాలదా అంటారు. ఆఖరికి ఏ హాల్లో నాలుగు సీట్లు పక్కపక్కన ఖాళీ కనిపిస్తే అది బుక్కయిపోతుంది. రాత్రి ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాక సినిమా బాగుందో లేదో పక్కకి పోయి, "ఇంతయిందా!" అన్న మాటే మిగులుతుంది.

మా ఇంట్లోనూ చాలా ఏళ్ళు ఇదే తంతు. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అప్పుడప్పుడు మా అమ్మ. ఉండేది విద్యానగర్‌లో. కొన్నేళ్ళుగా నాకో అలవాటు పడింది. సినిమా నుంచి వచ్చాక ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి మళ్ళీ గడప తొక్కేదాకా అయిన ప్రతి రూపాయీ ఫోన్‌లో రాసిపెడతాను. మా ఆవిడ నవ్వుతుంది గానీ, హాలు ఎంచుకునే పద్ధతి నాకు ఆ లెక్కల్లోంచే వచ్చింది.

ముందు ఎవరెవరు వస్తున్నారో తేల్చుకోండి

ఏ సినిమా అన్నది తర్వాత. ముందు మనుషుల్ని చూసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉన్నారా, మూడేళ్ళలోపు పిల్లలున్నారా, లేక నలుగురు స్నేహితులు కలిసి వెళ్తున్నారా? సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

ఒకసారి మా అమ్మని ఒక పాత సింగిల్ స్క్రీన్ బాల్కనీకి తీసుకెళ్ళాను. ఆ హాలు పేరెందుకు గానీ, మెట్లు చూడకుండా టికెట్లు తీసుకోవడం నాదే తప్పు. రెండు మలుపుల మెట్లు, పక్కన పట్టుకోవడానికి ఒకవైపే కమ్మీ, అదీ జనం అటే ఎక్కుతుంటే చేతికి దొరకదు. సగం దూరంలో ఆవిడ గోడకి ఆనుకుని, "నువ్వు పోరా, పేర్లు పడిపోతాయి" అంది. తెలుగు సినిమా పిచ్చి అంటే అదీ. లోపల మళ్ళీ చీకట్లో మెట్లు, ఒక్కోటి ఒక్కో ఎత్తు. ఆ రోజు నుంచి అమ్మ వస్తే రెండే దారులు: లిఫ్టు ఉన్న మల్టీప్లెక్సు, లేదా సింగిల్ స్క్రీన్‌లో కింద, నడవ పక్క సీటు. కింద కూర్చోవడం నామోషీ అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. మోకాళ్ళకి నామోషీ తెలియదు.

పసిపిల్లలున్న వాళ్ళు మల్టీప్లెక్సుకే వెళ్ళండి. పాపాయి ఏడిస్తే బయట నిలబడటానికి కాస్త చోటు, కాస్త శుభ్రమైన బాత్రూమ్ ఉంటాయి. సింగిల్ స్క్రీన్లలో ఈ మధ్య బాగుచేసినవి తప్ప మిగతా చోట్ల ఆడవాళ్ళ బాత్రూమ్‌ల సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. చలికి ఓర్వలేని వాళ్ళుంటే శాలువా మరచిపోకండి. మ్యాట్నీకి మల్టీప్లెక్సులో జనం సగమే ఉన్నా ఏసీ మాత్రం హౌస్‌ఫుల్ లెక్కన తిరుగుతుంది.

పెద్ద హీరో సినిమా మొదటి రోజు, అందులోనూ అందరికంటే ముందు వేసే బెనిఫిట్ షోకి పిల్లల్ని తీసుకెళ్ళకండి. 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య 70 ఎంఎం దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావు అంచుదాకా వెళ్ళాడు. కాగితాలు ఎగరేసి ఈలలు వేసే సరదా నాకూ ఉండేది, కాదనను. ఆ సరదాకి పిల్లలు తోడు కాదు.

సర్టిఫికెట్ కూడా ఇప్పుడే చూసుకోండి. 2024 చివర్నుంచి యూఏ, అంటే పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే సినిమాలకి 7+, 13+, 16+ అని మూడు తరగతులు వచ్చాయి. ఇవి తల్లిదండ్రులకి సూచన మాత్రమే, మీరు వెంట ఉంటే పిల్లల్ని ఆపరు. "ఏ" సర్టిఫికెట్ అయితే కథ వేరు. పద్దెనిమిది నిండనివాళ్ళని గేటు దగ్గరే ఆపేస్తారు, ఆధార్ చూపించమంటారు, మీరు పక్కనే ఉన్నా లాభం లేదు, డబ్బులూ వెనక్కి రావు.

టికెట్ ధర ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసుకోండి

హైదరాబాద్‌లో సినిమా చూసేవాళ్ళకి 295, 177 అనే అంకెలు బస్సు నంబర్లలా నోటికొచ్చేసి ఉంటాయి. అవి ఎవరో తోచినట్టు పెట్టినవి కావు. 2021 డిసెంబర్‌లో ప్రభుత్వం ఇచ్చిన జీవో 120లో హద్దులు గీశారు. మల్టీప్లెక్సులో టికెట్ 100 నుంచి 250 దాకా, రిక్లైనర్‌కి, అంటే వెనక్కి వాలే సీటుకి 300. ఏసీ ఉన్న సింగిల్ స్క్రీన్‌లో 50 నుంచి 150, రిక్లైనర్ పెడితే 200. ఏసీ లేని హాల్లో 30 నుంచి 70. వీటి మీద జీఎస్టీ అదనం. 250 మీద 18 శాతం వేస్తే 295, 150 మీద వేస్తే 177, రిక్లైనర్ 354.

2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే 18 శాతమే. కాబట్టి లాభమంతా సింగిల్ స్క్రీన్‌లో కింద కూర్చునేవాళ్ళకి. బాల్కనీ వాళ్ళకీ మల్టీప్లెక్సు వాళ్ళకీ పైసా తేడా రాలేదు.

295, 177 అనేవి గరిష్ఠ ధరలు. చిన్న సినిమాలకి, పాతబడిన సినిమాలకి మల్టీప్లెక్సులే 150కో 200కో దిగొస్తాయి. పెద్ద సినిమా అయితే నిర్మాతలు వెళ్ళి ప్రభుత్వం నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకున్న సందర్భాలున్నాయి, అప్పుడు మొదటి వారమో పది రోజులో 295 టికెట్ 413 కూడా అయింది. కాబట్టి ధర గురించి నా మొదటి సలహా ఒక్కటే: పెద్ద సినిమాని రెండో వారంలో, మామూలు రోజున చూడండి. అప్పటికి కథ తెలిసిపోతుందంటారా? ఆ కథ ట్రైలర్‌లోనే తెలిసిపోయింది లెండి.

గడప నుంచి గడప దాకా లెక్క వేయండి

నా ఫోన్‌లో ఉన్న రెండు లెక్కలు చెప్తాను. రెండూ మా నలుగురివే, రెండూ ఆదివారాలే.

ఒకటి పడమటి వైపు ఒక మాల్‌లోని మల్టీప్లెక్సు. టికెట్లు 1,180. యాప్‌లో కన్వీనియన్స్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 142. పాప్‌కార్న్ టబ్బు ఒకటి, కూల్‌డ్రింకులు రెండు, 790. క్యాబ్ రానూపోనూ 560. మొత్తం 2,672.

రెండోది క్రాస్ రోడ్స్‌లో బాల్కనీ. కౌంటర్లో టికెట్లు 708. ఇంటర్వెల్‌లో సమోసాలు, పాప్‌కార్న్, టీ 190. ఆటో రానూపోనూ 160. మొత్తం 1,058.

తేడా 1,614. అందులో టికెట్ల తేడా ఎంతో చూడండి: 472 మాత్రమే. మిగతా పదకొండు వందల పైచిలుకు తిండి, బండి, యాప్ ఫీజు. మల్టీప్లెక్సు టికెట్ ఖరీదని గోల పెడతాం గానీ, చిల్లు పడేది జేబుకి ఇంకో పక్క. ఇంటి దగ్గరున్న మల్టీప్లెక్సుకి నడిచి వెళ్ళి, ఇంట్లో తినేసి, మామూలు రోజున చూస్తే అది పెద్ద బరువేమీ కాదు. అలాగే మియాపూర్‌లో ఉండి, చవక కదా అని క్యాబ్ కట్టుకుని క్రాస్ రోడ్స్ దాకా వస్తే మిగిలేదీ ఏం లేదు. మీ ఇంటి నుంచి మీ లెక్క మీరు ఒకసారి కాగితం మీద వేసి చూడండి.

సినిమాని బట్టి తెర ఎంచుకోండి

నాలుగ్గోడల మధ్య జరిగే కుటుంబ కథకి వంద అడుగుల తెర అక్కర్లేదు. యుద్ధాలు, గ్రాఫిక్స్ ఉన్న సినిమా అయితే కావాలి. అలాంటప్పుడు నా ఓటు ప్రసాద్స్ పెద్ద తెరకే. 2003లో ఐమాక్స్‌గా మొదలైంది. ఐమాక్స్ పేరు పోయి ఏళ్ళయినా ఆటోవాళ్ళకీ మనకీ అది ఐమాక్సే. ఇప్పుడు అక్కడి పెద్ద తెరకి పీసీఎక్స్ అని పేరు పెట్టారు, తెర వెడల్పు వంద అడుగులు దాటుతుంది. బుక్ చేసేటప్పుడు పెద్ద తెరేనా, పక్కనున్న మామూలు స్క్రీనా అన్నది చూసుకోండి. ప్రసాద్స్ అని రాసి ఉన్నంత మాత్రాన పెద్ద తెర కాదు.

సీటు మెత్తగా ఉండాలి, కాళ్ళు చాపుకోవాలి, బాత్రూమ్ మెరవాలి అంటే 2018లో మొదలైన ఏఎంబీ, 2023లో అమీర్‌పేటలో పాత సత్యం థియేటర్ చోట వచ్చిన ఏఏఏ లాంటివి. సౌండు కూడా బాగుంటుంది. ఏఏఏకి ఇంకో సుఖం ఉంది, అమీర్‌పేట మెట్రో జంక్షన్ పక్కనే.

జనంతో కలిసి చూడాల్సిన సినిమాకి మాత్రం సింగిల్ స్క్రీనే. మల్టీప్లెక్సులో జోక్ పేలితే రెండొందల మంది నవ్వుతారు. దేవిలోనో సుదర్శన్‌లోనో, కూకట్‌పల్లి భ్రమరాంబలోనో అయితే కింద నుంచి బాల్కనీ దాకా నవ్వు ఒక అలలా వెళ్తుంది. అది ఏ జీవోలోనూ ధర కట్టని సుఖం. ఇక సింగిల్ స్క్రీన్ అంటే నల్లులు, చిరిగిన సీట్లు అనుకునేవాళ్ళు ఒకసారి వెళ్ళి రండి. బతికి ఉన్న హాళ్ళలో చాలావాటికి కొత్త ప్రొజెక్టర్లు, చుట్టూ, నెత్తి మీద నుంచీ వినిపించే అట్మాస్ సౌండు వచ్చాయి. ఒక జాగ్రత్త: వెళ్ళేముందు షో ఉందో లేదో కనుక్కోండి. 2024 మేలో జనం రాక తెలంగాణ సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసేసుకున్నాయి కూడా. సోమవారం మార్నింగ్ షోకి పదిమంది లేకపోతే ఆట ఆపేసే హాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

టికెట్ తీసుకోండి: యాప్‌లోనా, కౌంటర్లోనా

శుక్ర, శని, ఆదివారాల్లో యాప్ తప్పదు. మామూలు రోజుల్లో, అందులోనూ హాలు దగ్గరే ఉంటే, యాప్ తెరిచి ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో చూసుకుని, మూసేసి, కౌంటర్‌కి వెళ్ళండి. కన్వీనియన్స్ ఫీజు టికెట్టుకింత అని పడుతుంది కాబట్టి నలుగురు వెళ్తే అదే వందా నూటయాభై అవుతుంది. ఆ డబ్బుతో ఇంటర్వెల్ గడిచిపోతుంది.

కౌంటర్ ఎప్పుడూ చూడని పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. ఇనప కమ్మీల మధ్య చెయ్యి పట్టేంత సందు, లోపల నుంచి "ఎన్ని?" అనే గొంతు తప్ప మనిషి కనపడడు. మా వాడు మొదటిసారి ఆ సందులో చెయ్యి పెట్టి నాలుగు వేళ్ళు చూపించి, "అంకుల్, కార్నర్ వద్దు" అన్నాడు. లోపలాయన నవ్వుతూ మధ్య వరస ఇచ్చాడు. అంత మాట ఏ యాప్ వింటుంది?

బ్లాక్‌లో మాత్రం కొనకండి. ఈ రోజుల్లో స్కాన్ చేసేదాకా టికెట్ అసలుదో, ఒకే టికెట్‌కి తీసిన నాలుగో ఫోటోనో తెలియదు.

సీటు చూసుకోండి, ఇది ఉచితం

మల్టీప్లెక్సులో రిక్లైనర్లు తప్ప మిగతా వరసలన్నీ చాలాచోట్ల ఒకటే ధర. అయినా జనం ఆలోచించకుండా సీటు నొక్కేస్తారు. నేనూ ఆ పని చేసినవాణ్ణే. ఫోన్‌లో పైన కనిపిస్తున్న వరస ముందుదనీ, కిందది వెనకదనీ అనుకుని, వెనక కూర్చుందామని కింది వరస బుక్ చేశాను. వెళ్ళి చూస్తే తెర ముక్కు మీద ఉంది. మా ఆవిడ మూడు గంటలు మెడ పట్టుకుని కూర్చుంది, తర్వాత రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. సీట్ల బొమ్మలో తెర ఎటు ఉందో సన్నటి గీత గీసి చూపిస్తారు. ముందు దాన్ని వెతకండి. అది కింద ఉంటే పైన కనిపించేవే వెనక వరసలు.

మంచి చోటు తెర నుంచి చూస్తే హాల్లో మూడింట రెండు వంతుల వెనక, మధ్యలో. సౌండు అక్కడికి సమంగా చేరుతుంది. చివరి వరసలో గోడ పక్క సీటు అయితే తల పక్కనే స్పీకరు, ఫైట్ వచ్చినప్పుడల్లా ఒక చెవికే మోత. ప్రసాద్స్ పెద్ద తెరకి ఇంకాస్త పైకి వెళ్ళండి, ముందు వరసల్లో ఒక మొహం చూడటానికి తల తిప్పాలి.

సింగిల్ స్క్రీన్ లెక్క వేరు. బాల్కనీలో వెనక్కి వెళ్ళేకొద్దీ తెర టీవీ అంత అవుతుంది కాబట్టి ముందు వరసలే మేలు. కానీ మొదటి వరస పిల్లలకి ఇవ్వకండి. ముందున్న పిట్టగోడ కమ్మీ వాళ్ళ కంటి ఎత్తులో ఉండి తెర కింది భాగాన్ని మింగేస్తుంది. రెండో, మూడో వరసలు బంగారం. కింద తీసుకుంటే బాల్కనీ నీడలోకి పోయే చివరి వరసలు వద్దు, పై నుంచి వచ్చే సౌండు అక్కడ మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. బాల్కనీ అంచు నెత్తిమీద లేనంత వరకు వెనక్కి కూర్చోండి, చాలు. వంద లోపు టికెట్‌తో నగరంలో ఇంతకంటే మంచి సీటు దొరకదు.

తిండి, నీళ్ళు

తినేసి వెళ్ళండి. ఇదే అసలు పొదుపు. క్రాస్ రోడ్స్ వైపు వెళ్ళేవాళ్ళకి ముందో వెనకో బిర్యానీ ఎలాగూ రాసిపెట్టే ఉంటుంది, మ్యాట్నీ వదిలాక అక్కడి హోటళ్ళు చూస్తే సినిమా హాలుకంటే ఎక్కువ జనం.

బయటి తిండి లోపలికి రానివ్వకపోవడం హాలు యజమానుల హక్కేనని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. గేటు దగ్గర పోట్లాడి లాభం లేదు. అయితే అదే తీర్పులో రెండు మాటలు మనకి పనికొచ్చేవి ఉన్నాయి. శుభ్రమైన తాగునీరు ఉచితంగా పెట్టాలి. పసిపిల్లల కోసం తెచ్చుకున్న ఆహారం ఆపకూడదు. నీళ్ళ కుళాయి మాత్రం ఎప్పుడూ మూలన, బాత్రూమ్ దారిలో ఎక్కడో ఉంటుంది. కనిపించలేదని వెనక్కి రాకండి, "ఫ్రీ వాటర్ ఎక్కడ?" అని గట్టిగా అడగండి, చూపిస్తారు. సీసా నీళ్ళు కొంటే సీసా మీద ధర చదివి ఇవ్వండి. ఒకే సరుకు మీద బయట ఒక ఎంఆర్‌పీ, హాల్లో ఇంకో ఎంఆర్‌పీ వేయకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. పాప్‌కార్న్‌కి ఆ బెడద లేదు, విడిగా అమ్మేది కాబట్టి వాళ్ళు ఎంతంటే అంత. పిల్లలు పట్టుబడితే ఒక పెద్ద టబ్బు తీసుకుని పంచండి. కాంబోలో వచ్చే నాలుగో కూల్‌డ్రింకు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పూర్తి చేయలేదు.

వెళ్ళడం, రావడం

ఏ షో అన్నదాన్ని బట్టి దారి ఖర్చు మారుతుంది. క్రాస్ రోడ్స్‌కి మెట్రో ఉంది, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వెళ్ళే లైన్‌లో. మియాపూర్, ఎల్బీనగర్ వైపు వాళ్ళు ఎంజీబీఎస్‌లో, నాగోల్ వైపు వాళ్ళు పరేడ్ గ్రౌండ్స్‌లో మారాలి. మ్యాట్నీకైతే అంతకంటే సుఖం లేదు. సెకండ్ షోకి వెళ్తే మాత్రం తిరుగు ప్రయాణానికి మెట్రో మీద ఆశ పెట్టుకోకండి. సినిమా వదిలేసరికి ఆఖరి రైలు ఎప్పుడో పోయి ఉంటుంది, క్యాబ్ రేటు చుక్కలు చూపిస్తుంది. సొంత బండి ఉంటేనే సెకండ్ షో.

టికెట్ మీద ఉన్న టైముకి మల్టీప్లెక్సులో సినిమా మొదలవదు, ప్రకటనలు మొదలవుతాయి. కానీ దాన్ని నమ్ముకుని ఆలస్యంగా బయల్దేరకండి. మాల్‌లో బండి పెట్టి, లిఫ్టు కోసం నిలబడి, బ్యాగు తనిఖీ అయ్యేసరికి ఆ పావుగంటా అక్కడే కరిగిపోతుంది. సీట్లో కూర్చున్నాక ఏసీ పనిచేయకపోయినా, సౌండు ఒకవైపే వస్తున్నా మొదటి పది నిమిషాల్లోనే వెళ్ళి మేనేజర్‌కి చెప్పండి. ఇంటర్వెల్ దాకా ఆగితే "అప్పుడే చెప్పాల్సింది సార్" అంటారు.

పార్కింగ్ దగ్గర చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2018లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట ఉచితం. గంట దాటినా పార్కింగ్ చార్జీకంటే ఎక్కువ విలువైన బిల్లో సినిమా టికెట్టో చూపిస్తే డబ్బు తీసుకోకూడదు. సింగిల్ స్క్రీన్లకి ఇది వర్తించదు, 2021 నుంచి వాళ్ళు పార్కింగ్‌కి డబ్బు తీసుకోవచ్చు. అక్కడ చిల్లర దగ్గర పెట్టుకోండి. మల్టీప్లెక్సులో అయితే సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు, గేటు దగ్గర యాప్ తెరుచుకోక వెనక హారన్లు మోగుతుంటే ఎవరైనా విసుక్కుని డబ్బు ఇచ్చేసి వస్తారు. సినిమా మొదలవకముందే టికెట్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.